గాజు స్ప్రింగు

గాజు అనగానే మనకు స్ఫురించునది పగులుట. సాగుట, వంగుట, తిరిగి యథాస్థితికి వచ్చుట అను గుణాలను మనము ఉక్కుకే ఆపాదిస్తాము. మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బోగీల స్ప్రింగుల పని చేసేవారు. సాలువాలోని మా ఇంట గాజు అంటే లాంతరు చిమ్నీ, అమ్మ చేతి గాజులు మాత్రమే. అందుచేత ఉద్యోగంలో చేరిన పిదప ప్రయోగశాలలో గాజు స్ప్రింగును చూచి విస్మయం చెందాను.

దాని రహస్యం ఆకారంలో ఉన్నది. చుట్టను లాగినపుడు గాజుకడ్డీ సాగదు. పొడవునా ప్రతి భాగమూ అతి స్వల్పంగా మెలిపడుతుంది. ఆ స్వల్పాలన్నీ కూడి కంటికి కనిపించే సాగుదల అవుతాయి. కడ్డీ సన్ననైన కొలదీ, చుట్లు పెరిగిన కొలదీ స్ప్రింగు సులువుగా సాగుతుంది. అధికభారానికి ఉక్కు శాశ్వతంగా కుంగవచ్చును. గాజు అట్లు కుంగదు. భారం తీయగానే మొదటి కొలతకు వస్తుంది, లేదా ఏ హెచ్చరికా లేక విరుగుతుంది.

1926లో మెక్‌బెయిన్, బకర్ అను శాస్త్రజ్ఞులు క్వార్ట్జ్ స్ప్రింగుకు ఒక పదార్థాన్ని వ్రేలాడదీసి, అది పీల్చుకొన్న వాయువు బరువును స్ప్రింగు సాగుదలను బట్టి కొలిచారు. లోహాన్ని తినివేసే ఆవిరులలో సైతం క్వార్ట్జ్ చాలావరకు చెక్కుచెదరదు.

ఇక తయారీ. బోరోసిలికేట్ గాజు సుమారు 820 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడుతుంది. కడ్డీని జ్వాలలో వేడిచేస్తూ, తిరుగుచున్న గ్రాఫైట్ దండంపై సమానమైన ఎడంతో చుడతారు. క్వార్ట్జ్‌కు ఆక్సిజన్, హైడ్రోజన్‌ల తీవ్రజ్వాల కావాలి. బోరోసిలికేట్ చుట్టను 560 డిగ్రీల ప్రాంతంలో కొంతసేపు ఉంచి మెల్లగా చల్లార్చాలి. లేనిచో లోపల నిలిచిన ఒత్తిడి ఏనాడో దానిని విరుస్తుంది.

గాజు బలాన్ని హరించునది ఉపరితలంపైని సూక్ష్మమైన పగుళ్లేనని 1921లో గ్రిఫిత్ తన పరిశోధనలో చూపాడు. కనుకనే చుట్టను వ్రేళ్లతో తాకరాదు. చివరి కొక్కెం పట్టి ఎత్తవలెను.

ఈ విద్య చదివినంత మాత్రాన రాదు. జ్వాల రంగును కన్ను, కడ్డీ మెత్తదనాన్ని చేయి ఎరుగవలె. మా ప్రయోగశాలలో గాజుపని చేసే పెద్దాయన వచ్చే ఏడు పదవీ విరమణ చేస్తున్నారు. ఆయన ప్రక్కన కూర్చుని నేర్చుకొనే కుర్రవాడు ఇంకా రాలేదు. గాజు సామాను బజారులో దొరుకుతుంది. కావలసిన కొలతకు దానిని చుట్టే చేయి దొరకదు. మిగిలిన ఈ కొద్ది నెలలలోనైనా ఒక యువకుని ఆయన చెంత కూర్చోబెట్టుట మనందరి కర్తవ్యం.