ఏ భాషలో పిలవాలి?

ఉద్దానంలో పరిశోధన అంటే అందరికీ గుర్తొచ్చేది కిడ్నీ జబ్బే. ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, రక్తం తీశారు, నీళ్లు పట్టుకెళ్లారు. అందుకే ఇచ్ఛాపురంలో 'ఆటిజం మీద పరిశోధన' అంటే జనం సూదులు, సీసాలే ఊహిస్తారు. మా ఇంటికి కావాల్సిన పరిశోధనకి ఓ విద్యార్థి, ఓ నోటుబుక్కు, బస్సు ఛార్జీలు చాలు.

మా అప్ప (అక్కని మేమలాగే పిలుస్తాం) కొడుక్కి ఆటిజం. వాడి నాయనమ్మది బరంపురం వైపు. తెలుగు అర్థమవుతుంది, నోటికి రాదు. వాడు మొదట నోరు తెరిచి అడిగింది కూడా 'పాణి' అనే... ఒడియాలో నీళ్లు. మాటల శిక్షణకి తీసుకెళ్లినచోట 'ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, రెండైతే గందరగోళపడతాడు' అన్నారు. అంతే! వీధి గుమ్మంలో గలగలా మాట్లాడే మనిషి మనవడి దగ్గర మూగనోము పట్టింది. ముద్ద కలిపి చేతికిచ్చి, పక్కన ఊరికే కూర్చునేది. అలా రెండేళ్లు.

ఆ సలహాకి ఆధారమేమిటా అని వెతికాను. రెండు భాషలు వినడంవల్ల ఆటిజం పిల్లల మాట వెనకబడదనే ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్లో చాలావరకు చెబుతున్నాయి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఆనా మరియా గొంజాలెజ్ బరెరో అనే పీహెచ్‌డీ విద్యార్థిని మరో అడుగు ముందుకేసింది. ఒక పద్ధతి వదిలి ఇంకో పద్ధతికి మళ్లాల్సిన కంప్యూటర్ ఆటలో రెండు భాషల పిల్లలే మెరుగని తేల్చింది. 2017లో వెలువడిన ఆ అధ్యయనంలో ఆటిజం ఉన్న పిల్లలెందరో తెలుసా? 20 మందే. చిన్న అధ్యయనమే... కానీ ఎవరో ఒకరు అడిగారు కదా! మాంట్రియల్ కూడా మన ఇచ్ఛాపురం లాంటిదే లెండి. అక్కడ ఫ్రెంచీ ఇంగ్లిషూ, ఇక్కడ తెలుగూ ఒడియా.

ఈ సంగతి చెబితే అప్ప అడిగింది ఒక్కటే. "అయితే అత్తని మాట్లాడమనొచ్చా?"

మన తెలుగు-ఒడియా ఇళ్లలో కూర్చుని చూసేదెవరు? భారత వైద్య పరిశోధన మండలి 1979లోనే వైద్య విద్యార్థుల కోసం రెండు నెలల చిన్న పరిశోధనల పథకం మొదలుపెట్టింది. ఇటీవలి ఏళ్లలో ఒక్కొక్కరికి 50 వేల రూపాయలు ఇచ్చారు. శ్రీకాకుళంలో వైద్య కళాశాల ఉంది. అలాంటి సాయమే ప్రత్యేక విద్య, మాటల శిక్షణ చదివేవాళ్లకీ అందితే కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం తిరిగి పది ఇళ్లు చూడగలరు. భాష సంగతొక్కటేనా... బడి గంట మోగితే చెవులు మూసుకునే పిల్లాణ్ని ఎక్కడ కూర్చోబెట్టాలి, పండక్కి చుట్టాలొస్తే ఏం చెయ్యాలి... ఇవీ అడగొచ్చు.

50 వేలంటే పెద్ద మొత్తమేం కాదు. ఆ రెండేళ్లలో శిక్షణ కోసం అప్ప పెట్టుకున్న రానుపోను ఖర్చులే అంతకు మించాయి.