ఏప్రిల్ 14న నీలం వద్దన్నాం



ఏప్రిల్ వస్తే మన ఫోన్లన్నీ నీలం. 5న జగ్జీవన్‌రామ్, 11న ఫూలే, 14న బాబాసాహెబ్. 2015లో దళిత్ హిస్టరీ మంత్ మొదలైనప్పటి నుంచి నెల పొడుగునా బొమ్మలే. సంతోషం. కానీ ఆ బొమ్మల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. అదే కోటు, అవే కళ్లద్దాలు, అదే చూపుడువేలు, అదే పుస్తకం. గీసేవాళ్లు మారుతున్నారు, బొమ్మ మారడం లేదు. పదో రోజుకు అందరికీ విసుగొస్తుంది. వచ్చినా ఎవరూ పైకి చెప్పరు, ఎందుకంటే అది ఉద్యమం పని. పని అనుకున్నాక పిల్లలు ఎంతకాలం గీస్తారు?

ఈ వరుసలో హాస్టళ్ల గురించీ స్కాలర్‌షిప్పుల గురించీ చాలా రాశాను. ఈసారి ఆట గురించి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల విద్యార్థులు కొందరితో కలిసి మూడేళ్లుగా ఒక వాట్సాప్ గ్రూపులో ఏప్రిల్ నెలంతా బొమ్మల ఆట ఆడుతున్నాం. పొద్దున ఒక మాట ఇస్తాం. రాత్రి పది లోపు దానికి బొమ్మ వేసి పెట్టాలి. అంతే.

ఇలాంటివి లోకంలో చాలా ఉన్నాయి. అమెరికా చిత్రకారుడు జేక్ పార్కర్ 2009లో 'ఇంక్‌టోబర్' మొదలుపెట్టాడు. అక్టోబర్ 31 రోజులూ రోజుకొక సిరా బొమ్మ. ప్రపంచమంతా ఆడింది. 2019 చివర్లో ఆ పేరు మీది ట్రేడ్‌మార్క్ గురించి పెద్ద గొడవైంది. అందరూ కలిసి ఆడిన ఆట చివరికి ఎవరిది అనే ప్రశ్న అక్కడా వచ్చింది.

నిజానికి మా ప్రొద్దుటూరుకు ఈ ఆట పాత చుట్టమే. సి.వి. సుబ్బన్న శతావధాని ఊరు ఇది. అవధానంలో పృచ్ఛకుడు చిక్కు పెడతాడు, అవధాని విప్పుతాడు. దత్తపదిలో పొంతన లేని నాలుగు మాటలిచ్చి పద్యం చెప్పమంటారు. నిషిద్ధాక్షరిలో ఒక్కో అక్షరం దగ్గరా ఏది రాకూడదో చెప్పి అడ్డుపడతారు. దారి మూసేకొద్దీ కొత్త దారి పుడుతుంది, సభ చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్లు నేనూ దూరం నుంచి విన్నాను. మా వాడ మనిషి పృచ్ఛకుడి కుర్చీలో కూర్చోవడం మాత్రం చూడలేదు. ఆట మంచిదే. చిక్కు పెట్టే హక్కు ఎవరి దగ్గరుంది అన్నదే నా పేచీ.

అందుకే మా మొదటి నియమం: మాట ఇచ్చే వంతు తిరుగుతుంది. డబ్బాలో పేర్ల చీటీలు వేసి తీస్తాం. బాగా గీసేవాళ్లకు వంతు ఎక్కువ రాదు. అసలు గీయనివాళ్ల పేర్లు కూడా డబ్బాలో ఉంటాయి. ఒకసారి పులివెందుల పాప పేరు వచ్చింది. ఆ పాప వాళ్ల జేజిని అడిగింది. చీనీ తోటల్లో కూలికి పోయే ఆ జేజి "ఒంటిగంట ఎండ" అంది. ఆ రోజు వచ్చినన్ని రకాల బొమ్మలు అంతకు ముందు రాలేదు. ఒకడు తెల్ల కాగితం మీద తడి మట్టితో మడమ ముద్ర ఒక్కటి వేసి పెట్టాడు. చెప్పుల్లేని కాలు.

రెండో నియమం: ఖర్చు పది రూపాయలు దాటకూడదు. ట్యాబ్ ఉన్న ఇంజనీరింగ్ కుర్రాడి బొమ్మ పక్కన నోటుబుక్కు చివరి పేజీలో గీసిన హాస్టల్ పిల్ల బొమ్మ పడితే, ఆ పిల్ల మరుసటి రోజు కనపడదు. అందుకని బొగ్గు, సుద్దముక్క, పసుపు, టీ డికాషన్. జమ్మలమడుగు పిల్లలైతే వాకిట్లో పరిచిన నాపరాళ్ల మీద సుద్దతో గీసి, ఫోటో తీసి, నీళ్లు చల్లి కడిగేస్తారు. బహుమతి లేదు, ఫస్టూ సెకండూ లేదు. ఒక రోజు తప్పితే తప్పినట్టే, బాకీ లేదు. 30 రోజులూ వేసినవాళ్లకు సర్టిఫికెట్ ఇద్దామని ఒకరంటే వద్దన్నాం. మన పిల్లల హాజరు లెక్కపెట్టేవాళ్లు బయట చాలామందే ఉన్నారు.

మూడోది అవధానం నుంచి తెచ్చుకున్నాం: వారానికోసారి నిషేధం. పోయిన ఏప్రిల్ 14న వంతు ఒక డిగ్రీ కుర్రాడికి వచ్చింది. "బాబాసాహెబ్‌ని గీయండి. నీలం వద్దు, ముఖం వద్దు, కళ్లద్దాలు వద్దు, పుస్తకం వద్దు" అన్నాడు.

గ్రూపు అట్టుడికిపోయింది. ఊళ్లో విగ్రహం కోసం దెబ్బలు తిన్న ఒక పెద్దాయన వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఏందిరా ఇది? ఆయప్ప ముఖం ఊళ్లో నిలబెట్టడానికి మేం పడరాని పాట్లు పడితిమి. ఇప్పుడు ముఖమే వద్దంటారా?" ఆయన బాధ నిజం. నేను కుర్రాడి మాటా తీసేయలేదు, పెద్దాయన మాటా తీసేయలేదు. ఇష్టమున్నవాళ్లు గీయండి అన్నాను.

రాత్రికి పదకొండు బొమ్మలొచ్చాయి. బడి గదిలో మూలన పరిచిన గోనెపట్ట. పైనుంచి పోసే నీళ్ల ధార, కింద చిన్న దోసిలి. చెరువు మెట్ల మీద వందల పాదాలు, 1927 మహద్. ఓటేసిన వేలి మీది సిరా చుక్క, నీలం వద్దన్నారు కాబట్టి బొగ్గుతో. ముఖం అడ్డు తీసేసరికి పిల్లలు ఆయన జీవితంలోకి పోయి వెతుక్కున్నారు.

పెద్దాయన ఇప్పటికీ ఒప్పుకోలేదు. వారం తర్వాత ఆయన చీటీ వచ్చింది. ఆయనిచ్చిన మాట "చేతిలో చెప్పులు". చేతిలో ఎందుకని పిల్లలు అడిగారు. పెద్ద కులాల వీధి దాటేదాకా చెప్పులు విప్పి పట్టుకుని నడిచిన రోజుల గురించి ఆయన పన్నెండు నిమిషాలు మాట్లాడాడు. ఆ సంగతి సొంత పిల్లలకు కూడా ఎప్పుడూ చెప్పలేదట. ఆ రోజు బొమ్మల్లో ఒకదాంట్లో చెప్పులే మనిషిని చేత్తో పట్టుకుని వీధిలో దర్జాగా నడుస్తున్నాయి. అందరికంటే ముందు నవ్విన ఎమోజీ పెద్దాయనదే.

ఇన్ని దాడులు జరుగుతుంటే ఆటలేంది అనే మిత్రులకు ఒక సంగతి. 1970ల్లో బీహార్ మిథిలలో దుసాద్ కులపు ఆడవాళ్లు కాగితం అందుకున్నప్పుడు, పై కులాల బొమ్మల్ని చూసి గీయడంతో ఆగిపోలేదు. చానో దేవి లాంటివాళ్లు తమ ఒంటి మీది పచ్చబొట్ల గీతల్నే కాగితం మీదకు తెచ్చారు. తమ వీరుడు రాజా సల్హేస్ కథ గీశారు. అదే గోద్నా శైలి అయింది. తన ఒంటిని చూసుకుని సరదాగా ఒక గీత గీసే తెగువ లేకపోతే ఆ శైలే లేదు.

ఈ ఏప్రిల్ డబ్బాలో ఇంకా చోటుంది. గండికోట జలాశయంలో ఊరు మునిగిన తాళ్లప్రొద్దుటూరు మిత్రుడొకరు ముందే తన మాట పంపాడు: "మా ఇంటి గడప". మీరూ మీ ఊరి నుంచి ఒకటి పంపండి. బొమ్మలేయడం రాదు అని మాత్రం అనొద్దు. మాట ఇవ్వడానికి అది రావక్కర్లేదు.