కెమెరాను బయటికి తీసుకెళ్లి చూసేవాళ్లు

ఆర్మూరులో మాది మొదట్నుంచీ ఒక్క షట్టరు మడిగె. రీళ్లు అమ్మిన రోజుల్లోనూ అదే, మెమరీ కార్డులు అమ్మిన రోజుల్లోనూ అదే. పక్క మడిగెను కూడా కలుపుకుని, చుట్టుపక్కల ఎక్కడా లేనంత గొప్ప కెమెరా షోరూము కట్టాలన్న కోరిక ఒక పసుపు సీజనులో పుట్టింది. మా దగ్గర కోరికలన్నీ ఆ సీజనులోనే పుడతాయి. జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి నిజామాబాద్ యార్డుకు తోలుతారు. ఆ వెనకే ఎర్రజొన్న డబ్బు, దాని వెనకే పెళ్లిళ్లు. ధర పలికిన ఏడు బాల్కొండ నుంచి, మెట్‌పల్లి నుంచి పెళ్లి ఫోటోగ్రాఫర్లు కొత్త లెన్సులకు వస్తారు. ధర పడిన ఏడు పాతవే తుడుచుకుంటారు.

హైదరాబాద్‌లో ఒక పెద్ద షోరూము చూసి మనసు పారేసుకున్నాను. నల్ల గోడలు, నల్ల సీలింగు, ఆ చీకట్లో ఒక్కో కెమెరా మీద ఒక్కో పసుపుపచ్చ స్పాట్‌లైటు. నగల కొట్లో హారం లాగా మెరుస్తోంది కెమెరా. నాకూ అదే కావాలని డిజైనర్‌ను పిలిపించాను. ఆయన మొదటి రోజే అడిగాడు: "మీ దగ్గరికి ఎవరొస్తారు, వచ్చి ఏం చేస్తారు?" "అందరూ వస్తారు సార్" అన్నాను. అప్పుడు అదే గొప్ప జవాబనుకున్నాను. అడిగింది అడిగినట్టు కట్టి, డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన్ను అనడానికేమీ లేదు.

తెరిచాక వింత మొదలైంది. బేరం ఖాయం చేసే ముందు ప్రతి ఫోటోగ్రాఫరూ ఒకటే మాట: "అన్నా, జర బయటికి తీస్కపోయి సూస్త." లక్షన్నర లెన్సు చేతికిచ్చి రోడ్డు మీదికి పంపాలంటే గుండె దడ. నా మీద నమ్మకం లేక అడుగుతున్నారనుకుని మొహం మాడ్చుకునేవాణ్ణి, వెంట కుర్రాణ్ణి కాపలా పంపేవాణ్ణి. ఒకసారి కుర్రాడు లేక నేనే వెళ్లాను. ఆ అబ్బాయి రోడ్డవతల పూలమ్మే ఆమెను అడిగి ఒక ఫోటో తీశాడు, స్క్రీన్ మీద పెద్దది చేసి చెంప చూశాడు, నుదుటి బొట్టు చూశాడు. తర్వాత లోపల తీసిన నా ఫోటో పక్కన పెట్టి చూపించాడు. అందులో నేను కామెర్లొచ్చినవాడిలా ఉన్నాను. "గీ లైట్ల మొకం రంగు తెల్వదన్నా. రేపు పెండ్లిపిల్లకు నలుగు పెడితే ఎట్లొస్తదో ఎట్ల జెప్పాలె?"

వెలుతురు రంగు లెక్కలో నా స్పాట్‌లైట్లు 3000 కెల్విన్‌వి. మధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర ఉంటుంది. పైగా చవకరకం ఎల్‌ఈడీలు, ఎరుపును సరిగా చూపించవు. మన పెళ్లిళ్లలో కెమెరాకు పెద్ద పరీక్షలన్నీ రంగులే: పసుపు రాసిన ఒళ్లు, కుంకుమ, ఎర్ర పట్టు మీద జరీ, చామనచాయ చర్మం. వాటిలో ఒక్కటి కూడా నా షోరూములో ఉన్నది ఉన్నట్టు కనిపించదు. తెల్ల గోడైతే కాస్త వెలుతురు తిప్పి కొట్టేది. నల్ల గోడ వచ్చినదంతా మింగేసింది.

దూరం సంగతి ఇంకా అన్యాయం. ఫుల్‌ఫ్రేమ్ బాడీకి 85 ఎంఎం లెన్సు పెట్టి మనిషిని తల నుంచి కాలి దాకా నిలువు ఫ్రేములో పట్టాలంటే పద్నాలుగు అడుగులైనా వెనక్కి జరగాలి. 200 ఎంఎం అయితే ముప్పై మూడు. నేనేమో మధ్యలో నల్ల గ్రానైట్ కౌంటరు కట్టి, వెనక స్టాకు గదికి అడ్డుగోడ లేపి, కొనేవాడికి ఎనిమిది అడుగులు మిగిల్చాను. కెమెరాను చూడ్డానికి గది కట్టుకున్నాను తప్ప, కెమెరాలోంచి చూడ్డానికి కాదు. వానాకాలంలో మరో తంటా. ఏసీలో చల్లబడ్డ లెన్సు బయటి తేమ తగలగానే మంచు పట్టేది. కొత్త లెన్సులోనే ఫంగస్ ఉందని ఒకాయన గొడవకు దిగాడు. పావుగంట ఆగితే తేటపడింది కానీ, ఆయన ఆ పావుగంట ఆగలేదు.

నాకంటే నూరేళ్లు ముందు ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌ దయాళ్ సికింద్రాబాద్‌లో, హైదరాబాద్‌లో స్టూడియోలు నడిపాడు. కరెంటు దీపం లేని ఆ కాలంలో స్టూడియో అంటేనే వెలుతురు కోసం కట్టుకునే ఇల్లు: పైకప్పులో అద్దం, ఉత్తరపు వెలుగు, దాన్ని తగ్గించుకోవడానికి తెరలు. 1892లో ఆయన పరదా పాటించే స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తైన గోడలు. ఫోటో తీసేది కూడా కెనీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడే. ఎవరొస్తారు, ఏం చూసి జంకుతారు అన్నది ముందు తేల్చుకుని ఆ తర్వాత గోడ లేపాడు.

నా దగ్గర జంకింది గల్ఫ్ పాస్‌పోర్టు ఫోటోలకొచ్చే కుర్రాళ్లు, పింఛనుకు ఫోటో దిగే, బీడీలు చుట్టే అమ్మలు. పాత మడిగెలో నేరుగా లోపలికొచ్చి స్టూలు లాక్కుని కూచునేవాళ్లు. ఇప్పుడు అద్దం తలుపు బయట చెప్పులు విడిచి నిలబడుతున్నారు. పసుపు పాలిష్ పట్టించి నేరుగా వచ్చిన ఒక పెద్దాయన కౌంటరు మీద చెయ్యి పెట్టి, ఆ నల్లటి నునుపు మీద తన ఐదు వేళ్లూ పచ్చగా అచ్చుపడ్డం చూసి, కండువాతో తుడిచి తుడిచి, "తప్పాయె బిడ్డా" అన్నాడు. ఆర్మూరులో పసుపు అంటకూడని కౌంటరు కట్టినవాణ్ణి నేను, క్షమాపణ ఆయనది.

పడమటి ముఖం మడిగెకు నిలువెత్తు అద్దం పెట్టించడం కూడా నా తెలివే. సాయంత్రమైతే ఎండంతా లోపలే. అద్దం వెనక వేలాడదీసిన పెళ్లి ఫోటోలు ఒక్క ఎండాకాలానికే వెలిసిపోయాయి. చీర మీది పసుపు మరకను సబ్బు వదిలించలేకపోయినా ఎండ వదిలిస్తుందని మా ఇళ్లలో ఆడవాళ్లందరికీ తెలుసు. జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త 1842లో పూల రసాలు పూసిన కాగితాల మీద బొమ్మలు తెప్పించింది ఈ గుణంతోనే. పసుపు పూసిన కాగితం మీద ఆకు పెట్టి ఎండలో ఉంచితే చుట్టూ వెలిసిపోయి ఆకు చాటున పసుపు రంగు నిలుస్తుంది. ఫోటోల వ్యాపారం చేస్తూ ఆ సంగతి నాకు తట్టలేదు.

అప్పు మీద అప్పు చేసి అడ్డుగోడ కొట్టించాను. ఇప్పుడు గుమ్మం నుంచి వెనక గోడ దాకా చూపు సాగుతుంది. సీలింగు తెల్లబడింది. ఎండకు దగ్గరి రంగున్న మంచి లైట్లు పడ్డాయి. వెనక గోడకు ఎర్ర పట్టుచీర, పక్కన ఇత్తడి పళ్లెంలో పసుపు, కుంకుమ ఉంటాయి. ఎవరికి ఏ లెన్సు కావాలన్నా వాటి మీదే చూసుకుంటారు. మనిషి కావాలంటే మా కుర్రాడు నిలబడతాడు. లెన్సులకు తేమ తగ్గించే డబ్బా కొన్నాం. స్టూలు మళ్లీ వచ్చింది, అద్దం తలుపు పగలంతా తెరిచే ఉంటుంది, ఏసీ చాలా మటుకు బందు. అయినా ఒకరిద్దరు బయటికి తీసుకెళ్లి చూస్తామంటారు. సరేనంటాను, కాపలా పంపడం మానేశాను.

పడమటి అద్దం తగువు మాత్రం తెగలేదు. ముందు రేకుల పందిరి వేయిద్దామంటే బోర్డు కనపడదని తమ్ముడు ఒప్పుకోడు. ఫిల్ము అంటించుకోమని ఒకరు, తెర కట్టుకోమని ఒకరు. ఫిల్ము వేస్తే వెలుతురు రంగు మళ్లీ మారుతుంది కాబట్టి అది నాకు ఇష్టం లేదు. ఎండలు ముదిరేలోపు ఏదో ఒకటి తేల్చాలి. రేకుల ధర కనుక్కొస్తానని తమ్ముడే పెర్కిట్ వెళ్లాడు.