కిటికీకో లెక్క

మా బావగారు నా మంచి కోరే మనిషే. మా అక్కని ఏ లోటూ లేకుండా చూసుకుంటారు, నాన్న పోయినప్పుడు అన్నీ తానై దగ్గరుండి జరిపించారు. అయినా గృహప్రవేశం రోజు పదిమందిలో ఆయన అన్న మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. "ఇంత అప్పు చేసి ఇల్లు కట్టినవాడివి, కిటికీ గుడ్డల దగ్గర పీనాసితనం ఏంటోయ్?" అన్నారు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. లెక్క నా దగ్గర ఉంది గానీ, వ్రతం పీటల మీద కూర్చుని చెప్పే లెక్క కాదది. ఇక్కడ పూర్తిగా చెబుతాను.

విజయవాడ పక్కన పోరంకిలో మాది పడమటి ముఖం ఇల్లు, కిందా పైనా. ఎలివేషన్ బాగుండాలని ప్లాన్ గీసినాయన కిటికీలతో రకరకాల ప్రయోగాలు చేశారు. మెట్ల దగ్గర పడమటి గోడకి మూడడుగుల వెడల్పు, పదకొండడుగుల ఎత్తు కిటికీ, పైన ఆర్చి. మా పడగ్గదిలో మూలకి మూలే గాజు: పడమట అయిదడుగులు, దక్షిణాన నాలుగు, మధ్యలో ఒక్క సన్నటి స్తంభం. పిల్లల గదిలో కిటికీ పక్కన మూడంగుళాలు వదిలి వార్డ్‌రోబ్, నెత్తిన ఏసీ. వంటింట్లో సింకు మీద మూడు బై మూడు. పూజ గదికి తూర్పున రెండడుగుల గుండ్రటి కిటికీ. ఇవి కాక బాత్రూమ్ వెంటిలేటర్లు మూడు. హాలు, రెండో పడగ్గది మాత్రం మామూలు కిటికీలు.

బావగారి సలహా ఏమిటంటే, ఇల్లంతా ఒకే రంగు జీబ్రా బ్లైండ్స్ వేయించు, మెట్ల కిటికీకి మోటార్ పెట్టించు, ఖర్చు హౌస్ లోన్ టాపప్‌లో కలిపెయ్, నెలకి ఎనిమిది వందలు పెరిగితే నీకు తెలియనైనా తెలియదు. మనిషిని కూడా ఆయనే పంపారు. అతను టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచి, మర్నాడు కొటేషన్ ఇచ్చాడు. చదరపు అడుగు 280 రూపాయలు. మొత్తం 237 చదరపు అడుగులు, అంటే 66,360. మోటార్‌కి 14,000. దాని మీద 18 శాతం పన్ను. వెరసి 94,825 రూపాయలు.

ఆ 237 ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు. నేను కాగితం ముందేసుకుని కూర్చున్నాను. చివర చిన్న అక్షరాల్లో ఉంది: ఒక్కో కిటికీకి మినిమం బిల్లింగ్ 12 చదరపు అడుగులు. నా వెంటిలేటర్ రెండు బై ఒకటిన్నర, మూడు అడుగులే. దానికి పన్నెండు కట్టాలి. అలాంటివి మూడు. వంటింటి కిటికీ తొమ్మిది, దానికీ పన్నెండే. గుండ్రటి కిటికీ వైశాల్యం 3.14, దానికీ పన్నెండు. ఈ అయిదింటి అసలు కొలత 21 అడుగులు, బిల్లు 60 అడుగులకి. లేని 39 అడుగులకి పన్నుతో కలిపి 12,886 రూపాయలు! మెట్ల కిటికీ ఆర్చికైతే నిలువు దీర్ఘచతురస్రం కట్టి లెక్కేశారు. బ్లైండ్ దిగాక ఆర్చి వంపు దాటి అటూ ఇటూ గోడ మీద వేలాడుతుంది. డబ్బు పెట్టి ఆర్చి కట్టించుకుని, మళ్ళీ డబ్బు పెట్టి దాన్ని కప్పెట్టడం నాకు మింగుడుపడలేదు.

ఇక ఆ ఎనిమిది వందల సంగతి. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళంటే లక్షకి నెలకి 868 పడుతుంది. 94,825కి 823. నిజమే, తెలియదు. కానీ 823ని 240తో గుణిస్తే 1,97,520. అంటే అసలు కంటే వడ్డీయే ఎక్కువ, 1,02,695. ఎండకీ దుమ్ముకీ జీబ్రా బ్లైండ్ గుడ్డ ఏడెనిమిదేళ్ళు ఆగితే గొప్ప. గొలుసు తెగి, చారలు పసుపెక్కి దాన్ని ఊడబీకిన తర్వాత కూడా ఇంకో పన్నెండేళ్ళు వాయిదా కడుతూనే ఉండాలి. నాకప్పటికి రిటైర్మెంట్ కూడా అయిపోతుంది. బావగారితో ఈ మాట అంటే, "అందరూ అలాగే చేస్తున్నారు కదోయ్" అన్నారు.

డబ్బు కంటే ముందు ఆలోచించాల్సింది ఎండ గురించి. గాజు దాటి లోపలికొచ్చిన ఎండ వేడిగా మారిపోతుంది, ఆ వేడి మళ్ళీ గాజు దాటి బయటికి అంత తేలిగ్గా పోదు. కాబట్టి లోపల ఎంత ఖరీదైన బ్లైండ్ వేసినా, వెలుగు ఆగుతుంది గానీ వేడి చాలావరకు గదిలోనే ఉండిపోతుంది. ఎండని గాజుకి అవతలే ఆపాలి. సన్‌షేడ్ నడినెత్తి ఎండకి పనికొస్తుంది. సాయంత్రం నాలుగింటికి అడ్డంగా కొట్టే పడమటి ఎండకి అది చాలదు.

దక్షిణం గాజుకి మందపాటి బ్లాకవుట్ ఉండాల్సిందేనని అందరూ భయపెట్టారు. విజయవాడ ఉన్నది పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పట్నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు ఉండేది మనకి ఉత్తరాన. అంటే మండు వేసవిలో దక్షిణపు గాజు మీద నేరుగా ఎండ పడదు. పడేది చలికాలంలో, అప్పుడది హాయిగానే ఉంటుంది. మూల కిటికీ రెండు చేతుల్లో డబ్బు పెట్టాల్సింది పడమటి చేతికే.

అందుకని కిటికీకో లెక్క వేశాను. మెట్ల దగ్గర ఎవరూ కూర్చోరు, అక్కడ వేడి ఆగితే చాలు. కడియం నర్సరీల్లో మొక్కల మీద కట్టే షేడ్ నెట్ తెచ్చి, ఇనప ఫ్రేముకి బిగించి గాజు బయట పెట్టించాను. 2,400. మూల కిటికీ పడమటి వైపు సన్‌షేడ్‌కి కొక్కేలు వేసి తాడుతో లాగే వెదురు తెర, 1,650. లోపల రెండు చేతులకీ కలిపి మూలలో వంగే ట్రాక్. తొమ్మిది అడుగులంటే 108 అంగుళాలు, కుచ్చుకి రెట్టింపు 216, గుడ్డ పన్నా 48, కాబట్టి అయిదు పన్నాలు. ఒక్కోటి రెండు మీటర్లు, పది మీటర్లు. మీటరు 180 చొప్పున నూలు గుడ్డ 1,800, కుట్టుకూలి 600, ట్రాక్ 1,350, మొత్తం 3,750. పిల్లల గదిలో వార్డ్‌రోబ్ వైపు కర్టెన్ ముడుచుకోవడానికి చోటు లేదు, అందుకే రెండు ముక్కలు మానేసి ఒకే ముక్క, మొత్తం ఖాళీ ఉన్న వైపుకే జరుగుతుంది. రాడ్ ఏసీకి కింద, గాలికి అడ్డం రాకుండా. 2,140. హాలు, రెండో పడగ్గది కిటికీలు మూడూ అదే లెక్కన 6,420.

వంటింట్లో పొయ్యి పక్కన గుడ్డ వేలాడటం మా ఆవిడకి మొదట్నుంచీ ఇష్టం లేదు. నిప్పు భయం ఒకటి, నూనె జిడ్డు ఒకటి. కింది సగానికి, వెంటిలేటర్లకి మసక ఫిల్మ్ అంటించాం, 600. పూజ గది గుండ్రటి కిటికీకి ఏమీ వేయలేదు. పొద్దున్నే ఎండ గుండ్రంగా వచ్చి దేవుడి పటాల మీద పడుతుంది, దాన్ని ఎందుకు ఆపాలి? పడమటి ఎండకి వట్టివేళ్ళ తెర కూడా ఆలోచించాను గానీ, పొడిగాలి ఊళ్ళలో పనిచేసినంతగా కృష్ణ ఒడ్డున పనిచేయదు.

మొత్తం 16,960. జీతంలోంచే ఇచ్చాను, అప్పు లేదు.

వెదురు తెర వేయకముందు మూడింటికే ఏసీ వేసేవాళ్ళం. ఇప్పుడు ఏడు దాటాకే. గంటకి ఒక యూనిట్ వేసుకున్నా నాలుగు యూనిట్లు. వేసవిలో మా బిల్లు 226 నుంచి 400 యూనిట్ల స్లాబ్‌లో ఉంటుంది, యూనిట్ 8.75. రోజుకి 35 రూపాయలు. తెర ఖరీదు 1,650 తిరిగి రావడానికి 47 రోజులు, అంటే ఏప్రిల్ ఒకటిన మొదలెడితే మే సగానికల్లా. నెట్ ఎండకి నాలుగేళ్ళలో పీలికలవుతుంది, తెరని వానాకాలం చుట్టి పెట్టాలి, ఒప్పుకుంటాను. వాటిని మార్చుకోవడానికే, కట్టకుండా మిగిల్చిన వాయిదాలోంచి నెలకి 820 పోస్టాఫీసు ఆర్డీలో వేస్తున్నాను. 6.7 శాతం మీద అయిదేళ్ళకి 58,500 దాకా వస్తుంది. మళ్ళీ ఇల్లంతా మార్చినా మూడింట రెండొంతులు మిగులుతుంది.

చుట్టాలు ఇంటికొచ్చి పొగిడేది ఒక పూట, మనం ఆ ఇంట్లో ఉండేది అన్ని పూటలూ. ఈ మధ్య మా అక్క వాళ్ళింట్లో హాలు బ్లైండ్ మోటార్ ఆగిపోయింది. సాయంత్రాలు దుప్పటి కడుతున్నారట. వెదురు తెర ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమని అక్కే ఫోన్ చేసింది. బావగారు మాత్రం ఇంకా నా లెక్క తప్పంటారు, కాగితం చూడనంటారు. నాకు బాధ అక్కడే.

మీ ఇంట్లో ఆర్చో, మూల గాజో, చిన్న వెంటిలేటరో ఉంటే కొటేషన్‌లో రేటు తర్వాత చూడండి. ముందు మినిమం చదరపు అడుగులు ఎంతో అడిగి, ఒక్కో కిటికీ అసలు కొలత, బిల్లు కొలత పక్కపక్కన రాయించుకోండి. ఆ డబ్బుని ఇంటి అప్పులో మాత్రం కలపకండి.