ఎప్పుడు చేయించాలి?

పెద్దజాతి కుక్కను పెంచుకునేవారికి ఏడాది తిరగకముందే ఒక ప్రశ్న ఎదురవుతుంది: పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించాలా? చేయిస్తే ఎప్పుడు?

హైదరాబాదులో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట ఈ విషయం చిన్న తగవే తెచ్చింది. వారి ఆడ జర్మన్ షెపర్డ్‌కు అప్పటికి ఆరు నెలలు. "ఎదకు రాకముందే చేయించేద్దామండీ. పుట్టిన పిల్లలను ఏ వీధిలో వదులుతాం?" అన్నారు భార్య. ఆ భయం అకారణం కాదు. పైగా శస్త్రచికిత్స జరగని ఆడకుక్కకు వయసు మీరాక గర్భాశయంలో చీము పట్టవచ్చు, అది ప్రాణాంతకం.

పశువైద్యుడు ఎముకల సంగతి ఎత్తాడు. ఎముకల ఎదుగుదలను సకాలంలో ఆపేవి లైంగిక హార్మోన్లే. అవి ముందే కరవైతే కాళ్ల ఎముకలు మితిమీరి సాగి, కీళ్లకు చేటు కలగవచ్చు. చిన్నజాతులకు ఈ బెడద అంతగా లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పరిశోధకులు 2016లో ప్రకటించిన లెక్క ప్రకారం, శస్త్రచికిత్స జరగని ఆడ జర్మన్ షెపర్డ్‌లలో కీళ్లవ్యాధులు నూటికి 5. ఏడాదిలోపే జరిగినవాటిలో 16. మూత్రం నిలవని బాధ మొదటివాటిలో కనిపించనే లేదు, రెండోవాటిలో నూటికి 7.

రొమ్ము గడ్డల విషయంలో మాత్రం ఆలస్యమే ప్రమాదం. అన్నీ తూచి, రెండేళ్లు నిండేదాకా ఆగాలని దంపతులు నిశ్చయించారు. ఆగడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. ఎదకు వచ్చిన ప్రతిసారీ మూడు వారాలపాటు కంటికి రెప్పలా కాయాలి. మాస్టారు ప్రహరీపై ఇనుపవల బిగించారు. గేటు తాళంచెవి భార్య కొంగున చేరింది.