నూట యాభై డాలర్ల గుమ్మం

మెరీనా బే శాండ్స్ అంటే తెలియని వాళ్ళుంటారేమో గానీ దాని బొమ్మ చూడని వాళ్ళు మన కాలేజీలో ఉండరు. మూడు టవర్లు, వాటి నెత్తిన అడ్డంగా ఓ పడవ. సింగపూర్ టూర్ ప్యాకేజీ పోస్టర్ ఏది చూసినా అదే. ఆ పడవ అంచున ఈతకొలను, అందులో మోచేతులు ఆనించి నిలబడ్డ ఎవరో ఒకరి వీపు. ఆ వీపు ఫోటో దిగాలంటే హోటల్లో గది తీసుకోవాలి, కొలను వాళ్ళ అతిథులకే. మనలాంటి వాళ్ళకి పక్కనే టికెట్ కొనుక్కుని చూసే డెక్ ఉంది. రెండో సంవత్సరం సెలవుల్లో అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేను చూసింది అదే.

డిజైన్ మోషే సాఫ్దీది. స్ట్రక్చర్ లెక్కలు అరప్ కంపెనీవి. టవర్లు ఒక్కోటి 55 అంతస్తులు. దూరం నుంచి నిటారుగా కనిపిస్తాయి గానీ పక్కకెళ్ళి చూస్తే ఒక్కో టవర్ నిజానికి రెండు పలకలు. ఒకటి ఇంకోదాని మీద వాలి, సగం ఎత్తుకి కొంచెం కింద కలిసిపోతుంది. బాగా వాలిన దాని వంపు అడుగున 26 డిగ్రీలు. కలిసేదాకా ఆ వాలే పలక పడిపోకుండా కట్టుకుంటూ పోవడమే అసలు కష్టమట. పైన పడవ పొడవు 340 మీటర్లు, మూడో టవర్ దాటాక కింద ఏ ఆధారం లేకుండా 66 మీటర్ల దాకా గాల్లోకి పొడుచుకొచ్చింది. నేను నిలబడింది ఆ ముక్క మీదే. జనం నడుస్తుంటే ఊగకుండా దాని కింద ట్యూన్డ్ మాస్ డ్యాంపర్ పెట్టారు. గాలికి మూడు టవర్లూ ఎవరి పాటికి వారు ఊగుతారు కాబట్టి, 150 మీటర్ల కొలను కూడా ఒకే తొట్టి కాదు. కింద కదిలే జాయింట్లున్నాయి. ఈత కొట్టేవాళ్ళకి ఆ సంగతి తెలియదు. మంచి ఇంజనీరింగ్ అంటే అదేనేమో.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పక్కన తామరపువ్వులాంటి ఆర్ట్‌సైన్స్ మ్యూజియం. దాని కప్పు మీద పడ్డ వాన మధ్యలోంచి జలపాతంలా కిందికి దిగుతుంది, ఆ నీళ్ళే బాత్రూముల్లో వాడతారు. షాపింగ్ మాల్ లోపల కాలువ, కాలువలో పడవలు. రాత్రి నీళ్ళ మీద లైట్ షో, అది ఫ్రీ. మా బడ్జెట్‌కి బాగా నచ్చింది అదే.

ఇంతకీ ఇదంతా దేని కోసం కట్టారు? కింద ఉన్న కేసినో కోసం. సింగపూర్లో దశాబ్దాల పాటు కేసినోలకి అనుమతి లేదు. లీ క్వాన్ యూకి అవంటే గిట్టదు. 2005 ఏప్రిల్‌లో ఆయన కొడుకు లీ సియన్ లూంగ్ ప్రధానిగా ఉండి రెండింటికి ఓకే చెప్పారు. టూరిస్టులు కావాలి, ఉద్యోగాలు కావాలి. కేసినో అనకుండా 'ఇంటిగ్రేటెడ్ రిసార్ట్' అని పేరు పెట్టారు. లాస్ వేగాస్ శాండ్స్ కంపెనీ లైసెన్సు గెలిచి 2010లో దీన్ని తెరిచింది. మొత్తం కట్టడంలో జూదం ఆడే జాగా మూడు శాతం కూడా ఉండదు. రాబడిలో పెద్ద ముక్క మాత్రం దానిదే.

నన్ను ఆ గుమ్మం దాటనివ్వలేదు. 21 నిండాలి, నాకప్పటికి 19. బావకి అక్కడి పీఆర్ ఉంది. అంటే లోపలికెళ్ళాలంటే రోజుకి 150 డాలర్లు కట్టాలి. పౌరులకీ అంతే. మొదట్లో 100 ఉండేది, 2019లో పెంచారు. గెలిచినా ఓడినా అది తిరిగి రాదు. బావ "నాకొద్దు బాబోయ్" అన్నాడు. బావ వాళ్ళ నాన్నగారు తెనాలి నుంచి మాతోపాటే వచ్చారు. ఆయన పాస్‌పోర్టు చూపించి ఫ్రీగా లోపలికెళ్ళిపోయారు! అరగంటలో బయటికొచ్చి, "ఏం లేదురా, మన పేకాటలో ఉన్న మజా లేదు" అన్నారు. ఎంత పోయిందో అత్తయ్యగారికి ఇప్పటికీ చెప్పలేదు.

సొంత జనానికి అడ్డం పెట్టి, పరాయివాడికి తలుపు తీయడం. మావయ్యగారి డబ్బు పోతే వాళ్ళకేం? నాకిది పెద్ద గొప్ప నీతిలా అనిపించలేదు. కానీ ఇంకో నియమం గురించి బావ చెప్పినప్పుడు మాత్రం ఆగిపోయాను. జూదంతో ఇల్లు గుల్లవుతుంటే భార్యో, కొడుకో, తల్లో దరఖాస్తు పెట్టి ఆ మనిషిని లోపలికి రానివ్వకుండా చేయించొచ్చు. లోపల ఏటీఎంలు కూడా ఉండవు.

నాకు మా బాబాయి గుర్తొచ్చాడు. ఆయన ఏ కేసినో మెట్లూ ఎక్కలేదు. మంచం మీద పడుకునే, దుప్పట్లో ఫోన్లో రమ్మీ ఆడాడు. మన దగ్గర చట్టాలు లేక కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా ఆయనకి ఏదో ఒక యాప్ దొరికేది. పిన్ని ఫోన్ దాచింది, సిమ్ విరిచేసింది. ఇంకో సిమ్ వచ్చింది. తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజుకని దాచింది అయిపోయాకే మా అందరికీ తెలిసింది. వాడిప్పుడు మా ఊళ్ళోనే డిగ్రీ చదువుతున్నాడు, పొద్దున పాల కేంద్రంలో పనిచేసి కాలేజీకి వెళ్తాడు. నా పాత సెమిస్టర్ పుస్తకాలు అడిగి తీసుకున్నాడు, ఎందుకని నేనడగలేదు.

తిరిగొచ్చాక పిన్నికి ఫోటోలు చూపించాను. పడవ, కొలను, తామరపువ్వు అన్నీ "బావున్నాయిరా" అంటూ తిప్పేసింది. దరఖాస్తు సంగతి చెప్తే మాత్రం ఫోన్ పక్కన పెట్టింది.

"దానికి మొగుడు కూడా ఒప్పుకోవాలా?"

"పిలిచి అడుగుతారు పిన్నీ. ఒప్పుకోకపోయినా ఆపొచ్చట."

"ఎంత దూరంరా సింగపూర్?" అంది.