ఐదు–సున్నా

2022 మే 19 దాకా మా బోధన్‌లో టీవీ ముందు జనం గుమిగూడారంటే అది క్రికెట్ కోసమే. ఆ రాత్రి మాత్రం ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ బాక్సింగ్ ఫైనల్ చూశాం. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 52 కిలోల విభాగంలో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ను ఓడించింది. తెర మీద 5–0 అని పడగానే పక్కింటి పెద్దాయన, "గంతేనా, ఐదు దెబ్బలేనా తగిలింది?" అన్నాడు. "కాదు మామా, ఐదుగురు జడ్జిలుంటరు. అందరూ మన బిడ్డే గెలిచిందన్నరు" అని చెప్పాడు వాళ్ల మేనల్లుడు. "ఒక్కడు గూడ కాదనలేదా!" అని ఆయన ఆ మాటే రెండు మూడుసార్లు అనుకున్నాడు.

జడ్జిల కార్డులు చూస్తే ఆ గెలుపు ఎంత కష్టమైనదో తెలుస్తుంది. రౌండ్ గెలిచినవాళ్లకు పది, ఓడినవాళ్లకు తొమ్మిదో అంతకన్నా తక్కువో వేస్తారు. మొత్తం మూడు రౌండ్లు. ఆ రోజు ముగ్గురు జడ్జిల లెక్కలో నిఖత్ ఆధిక్యం 29–28, అంటే ఒక్క పాయింటే. వాళ్ల దృష్టిలో ఆమె ఒక రౌండ్ ఓడింది, పుంజుకుని మిగతావి నిలబెట్టుకుంది. సున్నా చూసి సులువుగా గెలిచిందనుకుంటే ఆమె పడ్డ శ్రమను తక్కువ చేసినట్టే. ఆ తర్వాత అదే ఏడాది ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ ఫైనల్, 2023 మార్చిలో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ ఫైనల్. రెండూ 5–0. మాకు అదే అలవాటైపోయింది.

ఇదంతా నిజామాబాద్ కలెక్టరేట్ గ్రౌండ్‌లో మొదలైంది. తండ్రి జమీల్ అహ్మద్ ఆటలు తెలిసిన మనిషి. కూతుర్ని మొదట పరుగు పందేలకు తయారుచేశాడు. అన్ని ఆటల్లోనూ ఆడపిల్లలు కనిపిస్తున్నారు, బాక్సింగ్‌లో ఎందుకు లేరని ఆమె అడిగింది. ఆ ప్రశ్నే ఆమెను కోచ్ షంసముద్దీన్ దగ్గరికి చేర్చింది. అక్కడ ప్రాక్టీసుకు ఎదురుగా నిలబడేది మగపిల్లలే. మొదట్లోనే దెబ్బలు తిని, వాచిన ముఖంతో ఇంటికి వస్తే తల్లి ఏడ్చింది. పొట్టి బట్టలేంటని చుట్టాలు సణిగారు. ఆ మాటలు పట్టించుకోకుండా బిడ్డ వెంట నడిచిన ఆ తండ్రంటే నాకు చాలా గౌరవం. 2011లో నిఖత్ టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ స్వర్ణం గెలిచింది. 2017లో భుజం గాయం, ఆపరేషన్. ఆ రోజుల్లో ఆమె కోసం మేమెవరమూ టీవీ ముందు కూర్చోలేదు.

ఇంకో పేరు కూడా చెప్పాలి. షంసముద్దీన్ కొడుకు హుసాముద్దీన్ 2018లో, 2022లో కామన్వెల్త్ కాంస్యాలు తెచ్చాడు. 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీస్‌కు చేరాడు, మోకాలి గాయంతో రింగులోకి దిగలేక కాంస్యంతో వచ్చాడు. ఆ పతకానికి మా జిల్లాలో జరగాల్సినంత సంబరం జరగలేదు.

బోధన్ అంటే ఒకప్పుడు అందరూ చక్కెర అనేవారు. 1937లో శక్కర్‌నగర్‌లో పెట్టిన నిజాం షుగర్స్ 2015 డిసెంబర్లో మూతపడింది. చెరుకు బండ్ల వరుసలు పోయాయి, పొలాలు వరికి మళ్లాయి. బయటి ఊళ్లలో "ఎక్కడి నుంచి?" అని అడిగితే ఇప్పుడు మావాళ్లు "నిఖత్ జరీన్ జిల్లా" అంటున్నారు. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల గొంతు కొంచెం పెరుగుతుంది. నాదీ అంతే.

2024 ఆగస్టు 1 మధ్యాహ్నం బస్టాండ్ దగ్గరి చాయ్ హోటల్లో ఒకే ఫోన్ చుట్టూ పదిమందిమి చేరాం. పారిస్ ఒలింపిక్స్, 50 కిలోలు. అంతకుముందు మొదటి పోరులో జర్మనీ బాక్సర్ మీద 5–0. కానీ రెండు ప్రపంచ స్వర్ణాలున్నా నిఖత్‌కు సీడింగ్ లేదు. రెండో పోరులోనే టాప్ సీడ్, చైనా బాక్సర్ వూ యూ ఎదురైంది. వూ యూ ముందుకొచ్చి రెండు దెబ్బలు వేసి, నిఖత్ చెయ్యి చాచేలోపే వెనక్కి జరిగిపోయేది. మన పిల్ల దూరం తగ్గించుకోవడానికి చివరి గంట దాకా మీదికి వెళ్తూనే ఉంది. ఫలితం 0–5. ఎవరూ తిట్టలేదు. "అయ్యో బిడ్డా" అన్నారు, ఒక్కొక్కరే లేచిపోయారు.

స్వర్ణం చివరికి వూ యూకే దక్కిందన్న సంగతి మాలో చాలామందికి తెలియదు, ఎందుకంటే ఆ తర్వాత ఆ విభాగాన్ని ఎవరూ చూడలేదు. నాకు బాధనిపించింది అందుకే. మన మనిషి ఓడగానే ఆటనే వదిలేస్తే ఆమె ఎవరి చేతిలో, ఎలా ఓడిందో మనకు తెలిసేదెలా? నేను ఆ పోరు మళ్లీ చూశాను, ఫైనల్ కూడా చూశాను. వూ యూ కాళ్ల వేగం చూశాక నిఖత్ అన్ని రౌండ్లూ ఎదురొడ్డి నిలబడ్డదానికి నా దృష్టిలో విలువ పెరిగింది.

ఇప్పుడామె 51 కిలోల్లో ఆడుతోంది. 2025లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో క్వార్టర్స్‌లో ఓడింది, అదే ఏడాది నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ కప్ ఫైనల్స్ స్వర్ణం గెలిచింది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో 51 కిలోల విభాగం ఉంది. అప్పటికి ఆమెకు 32 ఏళ్లు, ముందు అర్హత సాధించాలి. అక్కడి సాయంత్రం పోరంటే మనకు మర్నాడు పొద్దున. చాయ్ హోటల్ అప్పటికి తెరిచే ఉంటుంది, నేను మాత్రం ఆ విభాగంలో మొదటి పోరు నుంచి ఫైనల్ దాకా చూస్తాను.